మగ్గం మీది షేరు కాగితం

సోమవారం నూలు తెచ్చుడు మా ఇంట్ల నా పని. పెండ్లయి వచ్చిన మొదటి ఏడాదే మా అత్త ఆ పని నా నెత్తిన పెట్టింది. సోలాపూర్ దాజీ పేట్ల మా గల్లీ దాటి పెద్ద తొవ్వ ఎక్కితే రెండు నూలు దుకాన్లు ఎదురెదురుగ ఉండేవి. ఒకదాని బోర్డు మీద గుర్రం బొమ్మ, ఇంకోదాని మీద దీపం బొమ్మ. అవి రెండు మిల్లుల దుకాన్లు. మిల్లుల అసలు పేర్లు పొడుగువి, ఇంగ్లీషువి. వాటితోని మాకు పని లేకుండె. గుర్రం మిల్లు పెద్దది, దీపం మిల్లు చిన్నది. రెండింటి నూలూ మా మగ్గానికి పనికొచ్చేదే.

ముందుగాల గుర్రం దుకాన్ల ధర అడిగేదాన్ని. తొవ్వ దాటి దీపం దుకాన్ల అడిగేదాన్ని. వాళ్ళు అర్ధణా తగ్గిస్తే ఆ మాట పట్టుకొని మళ్ళ ఇటు దాటేదాన్ని. గుర్రం దుకానాయన కాటా దగ్గర కూసోని నన్ను చూసి నవ్వేటోడు.

“వచ్చింది చూడు తల్లి. నీ కాళ్ళకు మా తొవ్వ అరిగిపోతది.”

“తొవ్వ సర్కారుది. అరిగితే సర్కారు ఏసుకుంటది. నువ్వు ధర చెప్పు.”

“అవుతలాయన ఎంతన్నడు?”

“నువ్వెంతంటవో అది చెప్పు ముందు.”

ఒక్కోనాడు నాలుగుసార్లు దాటేదాన్ని. ఎండకాలం కాళ్ళు కాలేవి. చెప్పులుండె గని, నూలు కోసం పోయేటప్పుడు ఏసుకుంటే పైసలున్నోళ్ళమనుకొని ధర తగ్గియ్యరని ఇంట్లనే ఇడిచేదాన్ని. అట్ల మిగిలిన అణాలతోనే మా ఇంట్ల పొయ్యి వారం రోజులు మండేది. నాకు తెలిసిన యాపారం అంతే.

పాత అణాలు పోయి నయా పైసలు వచ్చిన ఏడాది, గుర్రం మిల్లు దీపం మిల్లును తనల కలుపుకుంటున్నదని ఖబరు వచ్చింది. గల్లీల మగవాళ్ళు మొదలు పట్టించుకోలే. పెద్దోళ్ళ పెండ్లి, మనకు లడ్డు గూడ రాదు అని నవ్వుకున్నరు. మా మామ మాత్రం పడుగుల ఇసిరే నాడె చేతుల పట్టుకొని మగ్గం ఆపిండు. ఆయన పదేండ్ల వయసుల మగ్గం గుంతల దిగిన మనిషి. దినంల పొద్దుగాల మగ్గం ఆపంగ నేనెప్పుడు చూడలే.

“రెండు బాయిలుంటే ఒకటి ఉప్పగైనా ఇంకోదానికి పోతం,” అన్నడు మా ఆయనతోని. “ఒక్కటే ఉంటే, ఎట్లున్నా అదే తాగాలె. ఇంక ఆ పిల్ల తొవ్వ దాటి ఏం జేస్తది?”

ఆ పిల్ల అంటే నేనే. మామ నాతోని నేరుగ మాట్లాడేటోడు గాదు, నేనూ ఆయన ముంగట నోరిప్పేదాన్ని గాదు. మా ఇండ్లల్ల అది పద్ధతి. ఏమన్న చెప్పాలంటే గడప చాటుకు నిలబడి మా ఆయనకో, చంటిపిల్లకో చెప్పినట్టు చెప్పాలె. పన్నెండేండ్లు అట్లనే గడిచినయి.

ఆ వారంల నేసే శాలోళ్ళ సంఘం వాళ్ళు ఒక వకీలును మా గల్లీకి తీసుకొచ్చిన్రు. మరాఠీ ఆయన, బక్కగ, నల్ల కోటు మోచేతుల దగ్గర మెరిసిపోయి ఉండె. అంత పాత కోటు తొడుక్కున్నడంటే మనిషి నమ్మకస్తుడే అనుకున్న. వేప పుల్లతోని మట్టిల గీతలు గీసి చెప్పిండు.

“రెండు కంపెనీలు కలవాలంటే వాళ్ళిద్దరు ఒప్పుకుంటే చాలదు. బొంబాయిల పెద్ద కోర్టుకు పోయి, జడ్జి సాహెబ్ ముంగట నిలబడి, కలుస్తమని అడగాలె. ఆయన సరే అంటేనే కలుస్తయి.”

నేను గుమ్మంల కండెలు చుట్టుకుంట విన్న. రాట్నం తిప్పే చేయి ఆగిపోయింది. గుర్రం మిల్లు పొగగొట్టం మా పేట్ల ఏ ఇంటి మీద నిలబడి చూసినా కనబడేది. దాని భోంగ మోగితే ఊరంత లేసేది. అంత మిల్లు ఒక మనిషి ముంగట నిలబడి, జర ఒప్పుకోండ్రి సాహెబ్ అని అడగాలెనా! అట్లాంటి పద్ధతి ఈ భూమ్మీద ఉన్నదని నాకు అప్పటిదాక తెల్వదు.

“మరి మనం పోయి వద్దని చెప్తం,” అన్నడొకాయన.

వకీలు తల అడ్డం తిప్పిండు. “మీరెవరని అడుగుతది కోర్టు. నూలు కొనేటోళ్ళం అంటే, బయట కూసోండ్రి అంటది. కంపెనీల షేరు ఉన్నోళ్ళు వద్దంటే మాత్రం వినాలె. ఒక్క షేరున్నా సరే. మీ పేట్ల ఎవరికన్న షేరున్నదా?”

షేరు అనంగనే నేను మా మగ్గం దిక్కు చూసిన. ఎందుకో చెప్పాలంటే పన్నెండేండ్లు ఎనుకకు పోవాలె.

నా పెండ్లైన కొత్తల దీపం మిల్లు వాళ్ళు మా గల్లీలల్ల తిరిగి షేర్లు అమ్మిన్రు. నూలు కొనేటోళ్ళే మిల్లుకు మాలకులు గావాలె అని ఒకాయన తియ్యగ చెప్పిండు. మా మామ కూడబెట్టిన పైసలతోని రెండు షేర్లు కొన్నడు. అంగూఠా ఎయ్యమని సిరా డబ్బా ముంగట పెడితే మామకు రోషం వచ్చింది. “మా ఇంట్ల చేవ్రాలు చేసే మనిషి ఉన్నది,” అని నన్ను పిలిపించిండు. నేను తెలుగు బడిల మూడో తరగతి దాక చదివిన. ఇల్లంతట్ల పేరు రాయొచ్చేది నాకొక్కదానికే. అట్ల ఆ రెండు షేర్లు నా పేరు మీద అయినయి. నేను తెలుగుల సంతకం చేస్తుంటే మామ గల్లీ వాళ్ళందరి దిక్కు చూసుకుంట నిలబడ్డడు.

తర్వాత ఒక దొడ్డు కాగితం వచ్చింది. అంచులల్ల పచ్చని పూలు, నడుమ దీపం బొమ్మ, మిగతాదంత ఇంగ్లీషు. ఏడాదికొకసారి టపాల పైసలొచ్చేవి. కాగితం చూపియ్యమని ఎన్నడు ఎవరు అడగలే. నేను దాన్ని బియ్యం డబ్బా అడుగున పెట్టిన.

కొన్నేండ్లకు మా ఆయన మగ్గం మీద జకార్డు పెట్టె ఎక్కిచ్చిండు. చీర అంచుల పువ్వు పడాలంటే ఆ పెట్టెకు అట్టల దండ కట్టాలె. ఒక్కో అట్టకు లెక్క ప్రకారం బొక్కలు పొడుస్తరు. బొక్క ఉన్న తాన పడుగు పోగు పైకి లేస్తది, లేని తాన లేవది. అట్ల ఒక అట్ట తర్వాత ఒక అట్ట తిరుగుకుంట పోతే అంచుల రుద్రాక్షలు పడుతయి. ఒకనాడు దండల ఒక అట్ట చినిగింది. అంగట్ల అట్ట కొనాలంటే పైసలడిగిండు మా ఆయన. నేను ఎన్నడన్న వట్టిగ పైసలిచ్చిన్నా? డబ్బా అడుగు నుంచి ఆ దొడ్డు కాగితం తీసి, “గిది గట్టిగున్నది, దీనికి పొడువు,” అని ఇచ్చిన. పైసలు టపాల వస్తనే ఉన్నయి గద, కాగితంతోని పనేందని నా తెలివి. ఎనుక గంజితోని ఇంకో కాగితం అతికిచ్చి, మామ లేని యాళ్ళ చూసి, మా ఆయన దానికి బొక్కలు పొడిచిండు. అప్పటి నుంచి మా మిల్లు షేరు మా మగ్గం మీదనే తిరుగుతున్నది. అది తిరిగినప్పుడల్ల అంచుల రుద్రాక్షకు ఒక వరస పడేది.

వకీలు వచ్చేనాటికి నెల ముందు ఇంకో సంగతి జరిగింది. గుర్రం మిల్లు గుమాస్తా ఒకాయన జోడ్‌భావి పేట్, భవాని పేట్, మా దాజీ పేట్ అంత తిరిగి, ఎవరెవరికి దీపం మిల్లు షేర్లున్నయో లిస్టు చూసుకుంట అన్నీ కొన్నడు. మంచి ధర పెట్టిండు. అందరు కాగితాలిచ్చి పైసలు తీసుకున్నరు. నా దగ్గరికి మూడుసార్లు వచ్చిండు. మూడుసార్లు, “రేపు రా,” అని పంపిన. అమ్మొద్దని గాదు. నిజం చెప్తున్న, ఆ కాగితం మంచిగుంటే నేను ముందుగాల అమ్మేదాన్ని. మగ్గం దిక్కు చూపియ్యబుద్ధి గాలే, మామకు తెలుస్తదని భయం. అంతే.

అందుకే వకీలు అడిగినప్పుడు గల్లీలందరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. “అమ్మినం గదా సాహెబ్,” అన్నడొకాయన తల గోక్కుంట. మా మామ లేసి నిలబడి, “మా ఇంట్ల ఉన్నయి, రెండు. కోడలి పేరు మీద,” అన్నడు గొప్పగ. నా దిక్కు చూడకుండ మా ఆయనకు చెప్పిండు, “తెమ్మను కాగితం.”

గడప చాటుకు పోయి చంటిపిల్లను ఎత్తుకొని, “బిడ్డా, తాతకు చెప్పు, కాగితం మగ్గం మీదున్నదని,” అన్న.

మగ్గం ఆపి, దండ ఇప్పి, మా ఆయన ఆ అట్టను తీసి వకీలు చేతుల పెట్టిండు. బొక్కల నుంచి ఎండ పడి ఆయన నల్ల కోటు మీద చుక్కలు పడ్డయి. ఎదురింటి బీడీల అవ్వ చేతుల ఆకు పట్టుకొనే, “ఓయమ్మా, పిసినారి దానికి మిల్లు ఇస్తే జల్లెడ చేసింది!” అని ఎగిరి నవ్వింది. గల్లీ అంత నవ్వింది. మామ నవ్వలే. ఆయన మొఖం చూడడానికి నాకు ధైర్యం లేకుండె.

వకీలు మాత్రం ఆ అట్టను తిప్పి, మళ్ళ తిప్పి, నిమ్మళంగ అన్నడు. “కాగితం పోతే ఏం గాదు. షేరు కాగితంల ఉండదు. కంపెనీ వాళ్ళ పెద్ద పుస్తకంల పేరు రాసుంటది. అక్కడ పేరున్నంతకాలం ఈమె మాలకే.”

నేను ఆ మాట ఆ రాత్రంత నెమరేసుకున్న. నేను ఎన్నడు చూడని ఊర్ల, ఎన్నడు చూడని పుస్తకంల, నా పేరు పన్నెండేండ్ల నుంచి కూసోనున్నది. కాగితానికి బొక్కలు పొడిచినా దానికి నొయ్యలే.

సంగతి గుర్రం మిల్లుకు ఎట్లనో తెలిసింది. నాలుగు రోజులకు గుమాస్తా మళ్ళ వచ్చిండు. ఈసారి మిఠాయి డబ్బ తెచ్చిండు. మా ఆయన మగ్గం గుంతల, మామ అరుగు మీద, నేను గుమ్మంల.

“అక్కా, కాగితం పాడైనా ఏం ఫికరు లేదు. ఈడ ఒక్క సంతకం చెయ్యి, మిగతా పని మేం చూసుకుంటం. అందరికిచ్చిన దానికి అయిదింతలిస్తం.”

అయిదింతలు. ఆ పైసలతోని ఇంకో మగ్గం వస్తది. మా ఆయన నాడె ఇసురుడు ఆపి నా దిక్కు చూసిండు. మామ ఎటో చూస్తున్నడు. నా చెయ్యి రాట్నం మీదనే ఉన్నది.

గుమాస్తా ఇంకా తియ్యగ చెప్పిండు. “ఇంక మీకు సుఖం అక్కా. ఎండల తొవ్వకు అటూ ఇటూ తిరిగే బాధ ఉండదు. రెండు దుకాన్లెందుకు? ఒకటే దుకాన్, ఒకటే ధర.”

ఆ ఒక్క మాటతోని నాకు లెక్క తెలిసిపోయింది. ఆయన బాధ అంటున్నది మా బతుకు. నేను లేసి మిఠాయి డబ్బ ఆయన చేతుల మళ్ళ పెట్టిన. “అన్నా, నాకు తొవ్వ దాటుడే సుఖం. కాళ్ళు నావి, నీకెందుకు నొప్పి? పోయిరా.”

బీడీల అవ్వ అటునుంచి, “మిఠాయన్న ఉంచుకోకపోతివి పిల్లా!” అన్నది. ఆ మాట నిజమే. ఒక్క ముక్క అన్న తీసుకోలేదని పిల్లలు చాన్నాళ్ళు దెప్పిన్రు.

బొంబాయికి మామ, నేను, వకీలు పోయినం. మగ్గం ఆగొద్దని మా ఆయన ఇంట్లనే ఉన్నడు. దారికి జొన్నరొట్టెలు, పల్లీల కారం కట్టుకున్న. మామకు ఎదురుగ కూసోవద్దని రైలు డబ్బల ఒక మూలకు, కొంగు నెత్తిమీద కప్పుకొని కూసున్న.

ఆ కోర్టు చూసినప్పుడు నాకు ఏమనిపించిందో రాయడానికి మూడో తరగతి చదువు చాలదు. రాయి మీద రాయి, రాయి మీద రాయి, మెడ నొయ్యంగ చూస్తే ఇంకా పైకి రాయే. లోపల మెట్లు మనుషుల కాళ్ళకు నడుమ అరిగి గుంతలు పడ్డయి. ఎంతమంది తమ గోస చెప్పుకోవడానికి ఎక్కితే రాయి అరుగుతదని అనుకున్న. చెప్పులు చేతుల పట్టుకొని ఎక్కిన. ఎర్ర పట్టా కట్టిన పట్టేవాలా, అంటే కోర్టు జవాను, చూసి, “బాయి, చెప్పులు ఏసుకోవచ్చు, గుడి గాదు,” అన్నడు మరాఠీల. గుడి గాదని నాకు తెలుసు. అరుగుతయని పట్టుకున్న.

కోర్టు గది లోపల కప్పు అంత ఎత్తున ఉంటే పంకలు కట్టెలకు వేలాడుతున్నయి. బల్లల నిండ వకీళ్ళు, మెడల తెల్ల పట్టీలు. మిల్లుల దిక్కు ఏడుగురు లెక్కపెట్టిన. మా దిక్కు మెరిసే మోచేతుల ఆయన ఒక్కడు, ఆయన ఎనుక బొంబాయి దోస్తు ఇంకొకాయన. జడ్జి సాహెబ్ వస్తుంటే అందరు గప్పున లేసి నిలబడ్డరు. నేను పెద్ద మీసాలు, పెద్ద గొంతు అనుకున్న. చిన్న మనిషి, ముసలాయన. దగ్గుతున్నడు. ఆయన కూసున్నదాక ఆ ఏడుగురు కూసోలే.

మిల్లు వాళ్ళ పెద్ద వకీలు చాన్సేపు ఇంగ్లీషుల మాట్లాడిండు. మా వకీలు చెవుల మెల్లగ చెప్పిండు. “కాగితం చెడగొట్టుకున్నది, ఇదొక తమాషా, ఈమె ఎనుక ఇంకెవరో ఉన్నరు అంటున్నడు.” అంతల జడ్జి చెయ్యి చాపిండు. మా అట్టను ఆయన చేతికిచ్చిన్రు. ఆయన దాన్ని కిటికీ ఎలుగుకు పట్టి చూసిండు. నన్ను చూసి మరాఠీల అడిగిండు.

“బాయి, ముందుకు రాండ్రి. ఈ బొక్కలేంది?”

నా ఎనుక బల్ల మీద మామ. పన్నెండేండ్లు ఆయన వినంగ నేను గట్టిగ మాట్లాడలే. మామ దగ్గినట్టు చిన్నగ గొంతు సవరించిండు. కొడుకును పిలిచేటప్పుడు చేసే సప్పుడు అది. చెప్పు అన్నట్టే వినబడ్డది నాకు.

ఆ దినం నేను కట్టుకున్నది మా మగ్గం చీరే. కొంగు అంచు పట్టి పైకెత్తి చూపిచ్చిన.

“సాహెబ్, గీ రుద్రాక్ష ఉన్నది గదా. దీన్ల ఒక వరస గా కాగితం నేసింది. ఈడ బొక్క ఉన్నది, అందుకని ఈడ పోగు లేసింది. ఈడ లేదు, ఈడ లేవలే.”

వకీళ్ళు నవ్విన్రు. జడ్జి నవ్వలే. అట్టను ఒక చేతుల పట్టుకొని బల్ల మీద ముందుకు వంగి, నా అంచు దిక్కు చూసిండు, మళ్ళ అట్ట దిక్కు చూసిండు. ఏలు పెట్టి ఒక్కో బొక్క లెక్కపెట్టి, అంచుల ఆ పోగెక్కడున్నదో ఎతికిండు. పంకల గాలి వినబడుతున్నది. మిల్లుల ఏడుగురు వకీళ్ళు, ఆ ముసలాయన చీర అంచు చూసుడు అయ్యేదాక ఆగిన్రు. ఎన్ని వేల మంది బతుకులను భోంగతోని లేపి పండబెట్టే మిల్లు అది! అది మా గల్లీ రుద్రాక్ష కోసం ఆగింది. ఆ నిమిషం నాకు ఒళ్ళు జల్లుమన్నది. ఇప్పుడు రాస్తున్నా జల్లుమంటున్నది.

“మంచిగ నేసిన్రు,” అన్నడాయన. మిల్లు వకీలు దిక్కు తిరిగి ఇంగ్లీషుల ఏదో అడిగిండు. ఆయన పుస్తకం తీసి చూసి, తల వంచి, చిన్నగ ఏదో అన్నడు. మా వకీలు నా దిక్కు వంగి, “పుస్తకంల నీ పేరున్నదని ఒప్పుకున్నడు,” అన్నడు. ఒక కాగితం, సిరాల ముంచే టాకు నాకిచ్చిన్రు. నేను అందరి ముంగట నా పేరు తెలుగుల రాసిన. షేర్లు కొన్ననాడు నేను చేసి మిల్లు వాళ్ళకిచ్చిన సంతకంతోని జడ్జి పోల్చుకున్నడు. సున్నాలు పన్నెండేండ్లల్ల జర వంకరైనయి గని మనిషి అదే అని ఒప్పుకున్నట్టు తల ఊపిండు.

అప్పుడు అసలు మాట అడిగిండు.

“బాయి, రెండు కంపెనీలు కలిస్తే మీ షేరు ధర పెరుగుతది. ఏటా వచ్చే పైసలు గూడ పెరుగుతయి. మీకు లాభమే. మరెందుకు వద్దంటున్నరు?”

ఈ ప్రశ్నకు ఏం చెప్పాలెనో మా వకీలు రైళ్ళ ఇంత పొడుగు చెప్పిండు. ఒక్క ముక్క యాదికి రాలే.

“సాహెబ్, ఆ కాగితం ఏడాదికొకసారి పైసలిస్తది. నూలు రోజూ బువ్వ పెడుతది. పైసలు పెంచి బువ్వ గుంజుకుంటే ఎట్ల? ఇయ్యాల గుర్రం దుకాన్ల ధర పెంచితే నేను తొవ్వ దాటి దీపం దుకాన్ల కొంట. వాడు పెంచితే ఇటు దాటుత. నేను దాటుతనని భయానికే ఇద్దరు ధర ఆపుకుంటరు. రెండు ఒక్కటైతే ఎవ్వడికి భయం? మా పేట్ల ఆడోళ్ళమందరం దినాం గదే పని చేస్తం సాహెబ్, తొవ్వ దాటుతం. మా కాళ్ళే ఆ మిల్లులకు కాటా.”

మిల్లు వకీలు గభాల్న లేసిండు. ఈసారి మరాఠీలనే అన్నడు, నాకు అర్థం గావాలెనని. “దేశంల ఇంకా మస్తు మిల్లులున్నయి. దక్షిణం నుంచి నూలు తెప్పిచ్చుకోవచ్చు గద?”

“దాదా,” అన్న నేను, “ఆ మిల్లులు బేలు లెక్కన పంపుతయి. బేలు అంటే ఎద్దుల బండికెత్తే మూట. మేం సోమవారం సోమవారం ఒక్క కట్ట కొంటం, నెత్తి మీద పెట్టుకొని తెస్తం. బేలు కొనే పైసలుంటే నేను ఈడికెందుకొస్త? మీ లెక్క కుర్చీల కూసుందును.”

ఈసారి జడ్జి నవ్విండు. గది అంత నవ్వింది. ఎనుక బల్ల నుంచి ఒక ముసలి నవ్వు గూడ వినబడ్డది. మా మామ నవ్వు అట్లుంటదని నాకు అప్పుడే తెలిసింది.

జడ్జి చాన్సేపు రాసుకున్నడు. ఆ చిన్న చెయ్యి కాగితం మీద కదులుతుంటే నేను రెప్ప కొట్టకుండ చూసిన. ఫైసలా తర్వాత చెప్తనని లేసి పోయిండు. అట్టను పట్టేవాలా తెచ్చి రెండు చేతులతోని నాకిచ్చిండు.

తిరుగు రైళ్ళ మామ రొట్టె తుంచుకుంట కిటికీ బయటికి చూసి అన్నడు. “కారం జర ఎక్కువైంది.” చంటిపిల్ల ఆడ లేదు, మా ఆయన లేడు. వకీలు పండుకున్నడు. ఆ మాట నాకే చెప్పిండు. నేను కొంగు సర్దుకొని, “రేపు తగ్గిస్త మామా,” అన్న. అంతే మాట్లాడుకున్నం.

ఆ తర్వాత రోజులు గడువలే. గుమాస్తా ఊర్ల చెప్పుకుంట తిరిగిండట, ఆ ఆడిదాని వల్ల అందరికి నూలు బంద్ అయితదని. ఒకరిద్దరు నా మొఖం మీదనే అడిగిన్రు, “అయిదింతలిస్తే వద్దంటివి, ఇప్పుడు ఓడితే మమ్మల్ని సాదుతవా?” అని. గుబులు నాకు లేదంటే అబద్ధం. ఓడిపోతే ఆ అయిదింతల పైసలూ పాయె, సోమవారమూ పోతది. నా మొండితనానికి గల్లీ అంత గోస పడుతది.

నెల దాటినంక ఒకనాడు మబ్బు పట్టిన పగటిపూట వకీలు వచ్చిండు. చేతుల పొడుగు కాగితాలు. గల్లీ నడుమ నిలబడి చదువుత అన్నడు గని, మగ్గాల సప్పుడుకు ఆయన గొంతు ఎవ్వరికి వినబడలే. మామ ఎదురింటికి చెయ్యి ఊపి ఆపమన్నడు. వాళ్ళు పక్కింటికి చెప్పిన్రు. ఒకటి తర్వాత ఒకటి మగ్గాలు ఆగుకుంట పోయినయి. మా పేట్ల మనిషి చస్తే తప్ప పగలు అన్ని మగ్గాలు ఆగవు. అంత నిశ్శబ్దంల, గడప మీద పిచ్చుక గీరుకునే సప్పుడు గూడ వినబడ్డది.

వకీలు ఒక్కో మాట మరాఠీల చెప్పిండు, మా ఆయన తెలుగుల చెప్పిండు. షేరుదారులకు లాభమా కాదా అనేదొక్కటే చూడాలెనంటే కోర్టు అవసరం లేదట. చిన్న షేరుదారుల షేర్లు, కలుసుడు గురించి ఓట్లేసే మీటింగుకు ముందే గప్‌చుప్‌గ కొనుడు జడ్జికి నచ్చలేదట. ఆ నూలు కొని బతికేటోళ్ళకు ఇంకో దారి లేకుండ చేసే కలయికకు తాను సంతకం పెట్టలేనన్నడట. మంజూరు ఇయ్యలే.

ఎవ్వరు చప్పట్లు కొట్టలే. ఏం చెయ్యాల్నో ఎవ్వరికి తెల్వదు. ఒక ముసలి మనిషి దగ్గుకుంట నాలుగు మాటలు రాస్తే ఆ పొగగొట్టం మిల్లు ఎనుకకు తిరిగింది, అది నమ్మడానికి టైం పట్టింది. బీడీల అవ్వనే మొదలు నోరు తెరిచింది, “మరి ఇంక ఏం జూస్తున్నరు, మగ్గాలు నడువనీయండ్రి, బువ్వెట్లస్తది!” అని. ఒక నాడె కదిలింది, ఇంకోటి కదిలింది.

మళ్ళొచ్చిన సోమవారం నేను నూలుకు పోయిన. రెండు దుకాన్ల బోర్డులు అట్లనే ఉన్నయి. గుర్రం దుకానాయన మొఖం ముడుచుకొని ధర చెప్పిండు. దాటి దీపం దుకాన్ల అడిగిన. ఆయన లేసి నిలబడి, “రాండ్రి మాలకిన్,” అని సగం ఎక్కిరింపు, సగం మర్యాదతోని ధర చెప్పిండు. మళ్ళ ఇటు దాటిన. గుర్రం ఆయన పండ్లు కొరుక్కుంట రెండు పైసలు తగ్గిచ్చిండు.

కట్ట నెత్తిమీద పెట్టుకొని ఇంటికి వస్తే, మా ఆయన ముద్ర చూసి, “ఇదేంది, గుర్రం తెచ్చినవ్? కోర్టుకెక్కింది మన దీపం కోసం గాదా?” అన్నడు.

“దీపం కోసం ఎవరెక్కిన్రు?” అన్న నేను, కట్ట దించుకుంట. “రెండు పైసలు తక్కువున్నది. పట్టు.”